చెరువు బోటుకు ఏ షాఫ్ట్ సీల్ మంచిది: ప్యాకింగా, లిప్ సీలా, మెకానికల్ సీలా?

లక్నవరం, పాకాల, రామప్ప చెరువు, కరీంనగర్ లోయర్ మానేరు. మన వైపు ఇంజన్ బోట్లు తిరిగే నీళ్లన్నీ మంచినీళ్లే. ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే షాఫ్ట్ చుట్టూ నీళ్లు బోటులోకి రాకుండా ఆపేదే షాఫ్ట్ సీల్. దాని గురించి చదవడానికి దొరికేది మాత్రం దాదాపు అంతా సముద్రం బోట్ల గురించే. ఉప్పు వల్ల వచ్చే తుప్పు అక్కడ పెద్ద బాధ, మనకు అది తక్కువ. మన బాధలు వేరే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు దిగిపోతే బోటు ఒడ్డున ఎండలో పడి ఉంటుంది. వానలు పడి మత్తడి దుంకే రోజుల్లో ఇసుక, ఒండ్రు కలిసిన ఎర్రనీళ్లు వస్తాయి. నాచు, గుర్రపు డెక్క నీళ్లు పీల్చే పైపులకు అడ్డం పడతాయి. కొచ్చిలోనో గోవాలోనో ఏళ్ల తరబడి బాగా పనిచేసిన సీల్ ఇక్కడ కూడా అలాగే పనిచేస్తుందని నమ్మి డబ్బు పెట్టకండి. ముందు మన నీళ్లు ఎలాంటివో చూసుకుని, ఆ తర్వాతే సీల్ సంగతి చూడాలి.

వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు ఉన్న బోట్లకు ఈ ఎంపికే లేదు. వాటి షాఫ్ట్ గేర్ కేసులోనే ఉంటుంది, అక్కడ ఉండేవి ఆయిల్ సీళ్లు. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు దిగాయని అర్థం, సీళ్లు మార్పించాలి. అంతే. ఇక్కడ చెప్పేదంతా ఇంజన్ బోటు లోపల ఉండి, పొడవాటి షాఫ్ట్ అడుగు నుంచి బయటికి వెళ్లే ఇన్‌బోర్డ్ బోట్ల గురించి.

ఆ షాఫ్ట్ బయటికి వెళ్లే రంధ్రం ఎప్పుడూ నీటి మట్టానికి కిందే ఉంటుంది. షాఫ్ట్ తిరగాలి, నీళ్లు లోపలికి రాకూడదు. తిరిగే లోహాన్ని ఏదో ఒకటి ఆనుకుని ఉంటే తప్ప నీళ్లు ఆగవు, ఆనుకుంటే రాపిడి, రాపిడి ఉంటే వేడి. ఆ వేడిని తీసేది ఆ నీళ్లే. అంటే ఏ నీళ్లను ఆపడానికి సీల్ పెట్టామో, ఆ నీళ్లు సీల్ దాకా రాకపోతే సీల్ కాలిపోతుంది. దీన్ని పట్టించుకోకుండా కొన్న సీల్ ఎంత ఖరీదైనదైనా నిలవదు. ఒడ్డున పెట్టిన బోటును టెస్ట్ చేద్దామని ఇంజన్ స్టార్ట్ చేసి గేర్ వేసే అలవాటు చాలామందికి ఉంది. నీళ్లు లేకుండా షాఫ్ట్ తిరిగితే లిప్ సీల్‌లోని రబ్బరు పెదవి పాడవడానికి కాసేపు చాలు. ఒడ్డున ఉన్నప్పుడు న్యూట్రల్‌లోనే చూడాలి.

తాడు ప్యాకింగ్

పాత సెంట్రిఫ్యూగల్ పంపు విప్పి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. షాఫ్ట్ చుట్టూ ఒక కంచు డబ్బా, అందులో చదరపు అంచుల అల్లిక తాడు మూడు నాలుగు చుట్లు, దాన్ని నొక్కి పెట్టే నట్టు, ఆ నట్టు వదులు కాకుండా లాక్ నట్టు. పంపుల్లో గ్లాండ్ అనేదే ఇక్కడ స్టఫింగ్ బాక్స్. తాడు గ్రీజు పట్టించిన నార కావచ్చు, టెఫ్లాన్ పట్టించినది కావచ్చు, గ్రాఫైట్ కలిపినది కావచ్చు. మంచినీళ్ల బోటుకు టెఫ్లాన్ రకం తీసుకోండి. నార కన్నా ఎక్కువ కాలం వస్తుంది, ఎండినా మరీ కుంచించుకుపోదు. పాత పంపు సామాన్ల షాపుల్లో ఆస్బెస్టాస్ తాడు ఇస్తే వద్దనండి. దాని ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని ఎప్పటికీ తగ్గేది కాదు.

దీని గుణం ఏమిటంటే ఇది కొద్దికొద్దిగా కారుతూ ఉండాలి. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి, ఆగినప్పుడు దాదాపు ఆగిపోవాలి. చాలామందికి ఇక్కడే టెన్షన్. "సార్, చుక్క పడుతుంటే పబ్లిక్ భయపడతరు" అని నట్టు బిగించేసే డ్రైవర్లను చూశాను. నిమిషానికి పది చుక్కలు పడినా, ఎనిమిది గంటలు నడిపితే మొత్తం పావు లీటరుకు మించదు. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపుకు అది లెక్కే కాదు. చుక్క ఆపడానికి బిగించిన తాడు మాత్రం మాడిపోయి గట్టిపడుతుంది, గట్టిపడిన తాడు షాఫ్ట్‌ను కోస్తుంది, కోసిన చోట ఆ తర్వాత ఏ కొత్త తాడు పెట్టినా కారుతూనే ఉంటుంది.

వేయడం ఇలా. బోటు ఒడ్డున ఉన్నప్పుడే చేయండి. నట్టు విప్పి వెనక్కి జరిపి, కొక్కెం ఉన్న పొడవాటి పుల్లతో పాత తాడును ముక్కముక్కగా లాగాలి. లోపల అడుగున ఒక చుట్టు చిక్కుకుని ఉండిపోతుంది, అది తీయకుండా పైన కొత్తవి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఉంటే మిగతావి సరిగ్గా కూర్చోవు. తాడు మందం ఎంతో తెలియడానికి డబ్బా లోపలి వ్యాసంలోంచి షాఫ్ట్ వ్యాసం తీసేసి సగం చేయండి. డబ్బా 46 మిల్లీమీటర్లు, షాఫ్ట్ 30 అయితే తాడు 8 మిల్లీమీటర్లది. షాఫ్ట్ మీదే, డబ్బా అవతల, తాడును గట్టిగా చుట్టి పదునైన కత్తితో ఏటవాలుగా కోస్తే చుట్లు విడివిడిగా వస్తాయి. ఒక్కో చుట్టు వేరుగా ఉండాలి. ఒకే పొడుగు తాడును స్ప్రింగులా చుట్టి కుక్కితే నీళ్లు ఆ మెలిక వెంటే లోపలికి వచ్చేస్తాయి. ఒక చుట్టు అతుకు పైన ఉంటే తర్వాతి దాని అతుకు పక్కకు, ఆ తర్వాతిది ఇంకో పక్కకు. నట్టును చేత్తో బిగించినంత చాలు. నీళ్లలోకి దించాక మొదట ధారగానే కారుతుంది, కంగారు పడొద్దు. తాడు నీళ్లు తాగి ఉబ్బుతుంది. అప్పుడు నెమ్మదిగా నడుపుతూ, ఒక్కసారికి నట్టును ఒక్క ముఖం మేరకే తిప్పి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. షాఫ్ట్ ఆపి డబ్బా మీద చేయి పెడితే చెరువు నీళ్ల కన్నా కాస్త వెచ్చగా ఉండాలి. చేయి ఉంచలేకపోతే బిగింపు ఎక్కువైంది, వదులు చేయండి. ఇదంతా చేసేటప్పుడు మెడలో తువ్వాలు, వేలాడే చొక్కా అంచు తిరిగే షాఫ్ట్ దగ్గరికి పోకుండా చూసుకోవాలి. దీనిమీద ఎంత చెప్పినా తక్కువే.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో పంపు సెట్ల సామాన్లు అమ్మే షాపుల్లో తాడు దొరుకుతుంది. పంపులు విప్పే మెకానిక్ ఎవరైనా ఈ పని అర్థం చేసుకుంటాడు. ఇది చిన్న లాభం కాదు. వేసవి సెలవుల్లో శనివారం పొద్దున బోటు ఆగితే, కొరియర్‌లో రావాల్సిన సీల్ కోసం వారం ఆగాలా, మధ్యాహ్నానికి తాడు తెచ్చి నడపాలా అన్నది ఆలోచించండి.

రబ్బరు లిప్ సీల్

ఇందులో రబ్బరు పెదవి షాఫ్ట్‌నే పట్టుకుని ఉంటుంది. చుక్క కారదు, అడుగు పొడిగా ఉంటుంది, చూడ్డానికి శుభ్రం. చిన్న డీజిల్ ఇంజన్ బోట్లకు వచ్చే సాదా రకంలో లోపల రెండు పెదవులు, వాటి మధ్య గ్రీజు. పెద్ద రకాల్లో సీల్ డబ్బాకు నీళ్ల పైపు ఇస్తారు, ఒక అదనపు సీల్‌ను కూడా ముందే షాఫ్ట్ మీద ఎక్కించి ఉంచుకోవచ్చు. మొదటిది పోయినప్పుడు షాఫ్ట్ విప్పకుండా దాన్ని తీసేసి రెండోది జరుపుకుంటే సరి. ఈ సౌకర్యం ఉన్నది కొంటే మంచిది.

నీళ్లు పరిశుభ్రంగా ఉన్నంత కాలం లిప్ సీల్ మంచిదే. కానీ మన నేల చాలాచోట్ల గ్రానైట్ అరిగి వచ్చిన నేల. వాగుల్లో కొట్టుకొచ్చే ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. అది స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా గట్టిది. ఆ ఇసుక రేణువు రబ్బరు పెదవి కింద ఇరుక్కుంటే రబ్బరు దాన్ని పట్టుకుని ఉంచుతుంది, షాఫ్ట్ దాని కింద తిరుగుతుంది. ఒక సీజన్ గడిచాక షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే. ఆ గాడి మీద కొత్త లిప్ సీల్ నిలవదు. సీల్‌ను కొంచెం ముందుకో వెనక్కో జరిపే చోటు ఉంటే సరే, లేదంటే షాఫ్ట్ విప్పి లేత్ షాపుకు మోయాలి, లేదా మార్చాలి. గోదావరి ఒడ్డున, కాళేశ్వరం వైపు, వరదల కాలంలో తిరిగే బోటుకు లిప్ సీల్ వద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇంకో మాట. బేరింగ్ షాపులో దొరికే ఆటో ఆయిల్ సీల్ కొలత సరిపోయిందని ఇక్కడ పెట్టేవాళ్లు ఉన్నారు. అది నూనెను ఆపడానికి, నూనెతో తడుస్తూ పనిచేయడానికి చేసినది. దాని చుట్టూ ఉండే సన్న స్ప్రింగు మామూలు ఉక్కుది, నీళ్లలో తుప్పు పట్టి తెగుతుంది. జనం ఎక్కే బోటుకు అది పెట్టకూడదు.

నీటి పైపు లేని సాదా రకం పెట్టుకుంటే, బోటును నీళ్లలోకి దించిన ప్రతిసారీ చేయాల్సిన పని ఒకటుంది. ఒడ్డున ఉన్నప్పుడు షాఫ్ట్ గొట్టంలో గాలి నిండి ఉంటుంది. దించాక కూడా ఆ గాలి సీల్ దగ్గరే బుడగలా నిలబడిపోతే నీళ్లు పెదవి దాకా రావు. రబ్బరు డబ్బాను రెండు వేళ్లతో నొక్కి పట్టుకోండి. ముందు బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత బుడబుడమంటూ నీళ్లు చిమ్ముతాయి. నీళ్లు చేతికి తగిలాక వదిలేయండి. సీజన్ మొదట్లో నీళ్లకు కరగని గ్రీజు కాస్త, తయారుచేసినవాళ్లు చెప్పినంతే, లోపలికి ఎక్కించాలి. మన చెరువుల్లో బోటు ఏడాదికి ఒకసారైనా ఒడ్డుకు ఎక్కి దిగుతుంది కాబట్టి ఇది నడిపే మనిషికి చేసి చూపించాలి, చెప్పి వదిలేస్తే చాలదు.

మెకానికల్ సీల్

మోనోబ్లాక్ పంపులో ఉండే మెకానికల్ సీల్ సూత్రమే. షాఫ్ట్‌తో పాటు తిరిగే స్టెయిన్‌లెస్ చక్రం, కదలకుండా ఉండే కార్బన్ రింగు, ఆ రింగును చక్రానికి ఒత్తి పట్టే రబ్బరు బెల్లోస్, అంటే మడతల గొట్టం. రాపిడి అంతా ఈ రెండు ముఖాల మధ్యే. షాఫ్ట్‌ను ఏదీ రాసుకోదు కాబట్టి అది అరగదు, పాత గాడులు ఉన్న షాఫ్ట్ మీద కూడా, చక్రం లోపలి ఓ-రింగు కూర్చునే చోటు నున్నగా ఉంటే, ఇది పనిచేస్తుంది. కొత్తలో కొద్దిగా నల్లటి తుంపర కనబడొచ్చు, ముఖాలు ఒకదానికొకటి అలవాటు పడ్డాక తగ్గిపోతుంది.

దీని బలమూ బలహీనతా ఆ బెల్లోసే. తాడు ప్యాకింగ్ పాడైతే చుక్కలు ధారగా మారి, మనకు ముందే తెలుస్తుంది. బెల్లోస్ చిరిగితే అలా కాదు. అర మీటరు లోతులో 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి 50 లీటర్లకు పైగా నీళ్లు లోపలికి వస్తాయి. చిన్న బిల్జ్ పంపు, అరిగిన బ్యాటరీ ఉన్న బోటు దానితో ఎంతసేపు నెగ్గుతుంది? అందుకే ఈ సీల్ పెట్టుకునేవాళ్లు బెల్లోస్ మార్చే గడువును ఖచ్చితంగా పాటించాలి. బాగా వాడుకలో ఉన్న పీఎస్ఎస్ అనే బ్రాండు మెకానికల్ సీల్‌కు తయారీదారు 6 ఏళ్లకోసారి మార్చమంటారు. చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఏడేళ్లు, ఎనిమిదేళ్లు లాగడం వద్దు. ఒడ్డున ఎండలో పడి ఉన్న బోటులో రబ్బరు ఇంకా తొందరగా పగులుతుంది. డీజిల్ కారిన చోట మెత్తబడుతుంది. ఎలుకలు కొరుకుతాయి కూడా. వేసవిలో బోటు పక్కన పెట్టినప్పుడు ఇంజన్ గది మూసి, ఆ రబ్బరు మీద నీడ ఉండేలా చూడండి. దించే ముందు టార్చి వేసి, మడతల మధ్య వేలితో తడుముతూ చుట్టూ చూడండి. రెండు చివర్లా రెండేసి క్లిప్పులు, స్క్రూతో సహా పూర్తి స్టెయిన్‌లెస్‌వి ఉండాలి.

చక్రాన్ని షాఫ్ట్‌కు పట్టించే చిన్న స్క్రూలను ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవి వేయాలి. చక్రం వెనక్కి జారితే ముఖాలు విడిపోతాయి. అలా జరగకుండా దాని వెనక షాఫ్ట్ మీద ఒక క్లాంపు బిగించి ఉంచితే మనశ్శాంతి. ఇంజన్ మౌంటు రబ్బర్లు కుంగితే షాఫ్ట్ కాస్త జరుగుతుంది, బెల్లోస్ ఒత్తిడి మారుతుంది. కాబట్టి మౌంట్లు మార్చినప్పుడల్లా ఈ ఒత్తిడి మళ్లీ కొలవాలి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో జనాన్ని తిప్పే బోటుకు షాఫ్ట్ గొట్టంలోకి వచ్చే చెరువు నీళ్లే సాధారణంగా చాలు. వేగం పెరిగితే బోటు అడుగున ఒత్తిడి తగ్గి గొట్టంలో నీళ్లు వెనక్కి లాగేసుకుపోతాయి, గాలి చేరుతుంది. పీఎస్ఎస్ వాళ్లు 12 నాట్లు, అంటే గంటకు సుమారు 22 కిలోమీటర్లు దాటే బోట్లకు సీల్‌కు ఒత్తిడితో నీళ్లు ఎక్కించాలని చెబుతారు. అంతకు లోపు వేగం ఉన్న బోట్లలో సీల్‌కు ఉండే నీటి పైపును గాలి పోయేందుకు నీటి మట్టానికి బాగా పైకి తీసుకెళ్లి వదిలేస్తారు. లిప్ సీళ్లలో నీటి పైపు ఉన్నదానికి వేగం ఎంతైనా నీళ్లు ఇవ్వాల్సిందే.

ఆ నీళ్లను మామూలుగా ఇంజన్ చల్లబరిచే బయటి నీళ్ల లైన్ నుంచి, హీట్ ఎక్స్‌ఛేంజర్ దాటాక, ఎగ్జాస్ట్‌లో కలిసేలోపు ఒక టీ ఆకారపు పైపు జాయింట్ పెట్టి తీస్తారు. మీ ఇంజన్ గాలితో చల్లబడేదైతే ఆ లైనే ఉండదు, వేరే పంపు పెట్టుకోవాలి. ఈ ఖర్చు సీల్ ధరలో కలపకుండా పోలిస్తే లెక్క తప్పుతుంది. రెండు ఇంజన్ల బోటులో రెండు సీళ్ల పైపులను ఒకదానికొకటి కలిపి ఉంచాలి. ఒక ఇంజన్ ఆగిపోయి రెండోదానితో ఒడ్డుకు వస్తున్నప్పుడు, ఆగిన వైపు షాఫ్ట్ కూడా నీటి తోపుడుకు తిరుగుతూనే ఉంటుంది. దానికి నీళ్లు రెండో ఇంజన్ ఇస్తుంది.

మన చెరువుల్లో ఈ సన్నపైపే ముందు మూసుకుపోతుంది. నాచు పీచు, చిన్న నత్తగుల్లలు, ఒండ్రు. నీళ్లు పీల్చే చోట జల్లెడ పెట్టి, సీజన్‌లో రోజూ పొద్దున్నే తీసి కడగాలి. పైపు పారదర్శకంగా ఉంటే నీళ్లు కదులుతున్నాయో లేదో కంటికి తెలుస్తుంది. వారానికోసారి పైపును సీల్ దగ్గర ఊడదీసి, ఐడ్లింగ్‌లో ఒక జగ్గులోకి పట్టి చూడండి. మునుపటి కన్నా నెమ్మదిగా నిండుతుంటే అడ్డం పడటం మొదలైంది.

మరి ఏది తీసుకోవాలి

నెమ్మదిగా తిరిగే పర్యాటక బోటు, చేపల శాఖకో గ్రామ సంఘానికో చెందిన పాత ఇన్‌బోర్డ్ బోటు, ఏటా రెండు మూడు నెలలు ఒడ్డున ఉండేది ఏదైనా సరే, నా సలహా టెఫ్లాన్ తాడు ప్యాకింగే. ఇది పాత పద్ధతి అని తక్కువగా చూడనక్కర్లేదు. ఇసుకను ఓర్చుకుంటుంది, పాడయ్యే ముందు చెబుతుంది, ఊళ్లో బాగవుతుంది. పైగా తాడు మార్చడానికి షాఫ్ట్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే కప్లింగ్ విప్పక్కర్లేదు. మిగతా రెండు రకాలూ మొదటిసారి ఎక్కించాలంటే కప్లింగ్ ఊడదీయాల్సిందే, పాత బోట్లలో అది తుప్పు పట్టి ఉంటే రోజంతా పడుతుంది, పుల్లర్ లేకుండా సుత్తితో కొడితే గేర్‌బాక్స్ బేరింగులు దెబ్బతింటాయి.

గంటకు 22 కిలోమీటర్లు దాటే ఇన్‌బోర్డ్ స్పీడ్ బోటుకు, లోతైన నీళ్లలో తిరిగేదానికి, రోజూ చూసుకునే మనిషి ఉంటే మెకానికల్ సీల్ పెట్టండి, నీటి పైపుతో. ఆ మనిషి లేకపోతే వద్దు. లిప్ సీల్‌ను కొత్త షాఫ్ట్, చిన్న ఇంజన్, ఏడాది పొడుగునా తేటగా ఉండే నీళ్లు, ఈ మూడూ ఉన్న బోటుకే పరిమితం చేయండి. మన వైపు అలాంటివి తక్కువ.

ఏది కొన్నా, అంతకుముందు చూడాల్సినవి రెండున్నాయి. ప్రొపెల్లర్ దగ్గర షాఫ్ట్‌ను మోసే రబ్బరు బేరింగ్ అరిగిపోయి ఉంటే షాఫ్ట్ ఊగుతుంది, ఊగే షాఫ్ట్ మీద ఏ సీల్ కూడా నిలవదు. బోటు ఒడ్డున ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ను పట్టుకుని పైకి కిందికి కదిపితే తెలిసిపోతుంది. రెండోది ఇంజన్ అలైన్‌మెంట్, అంటే ఇంజనూ షాఫ్టూ ఒకే వరుసలో ఉన్నాయా అన్నది. కప్లింగ్ రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి నాలుగు వైపులా చూడండి. 100 మిల్లీమీటర్ల కప్లింగ్‌కు ఎక్కడా తేడా 0.1 మిల్లీమీటరుకు మించకూడదు. ఇది నీళ్లలోకి దించాకే కొలవాలి, ఒడ్డున స్టాండ్ల మీద ఉన్నప్పుడు బోటు ఆకారం కొంచెం మారి ఉంటుంది. ప్యాకింగ్ నెలకోసారి మార్చాల్సి వస్తోందని చెప్పే బోట్లలో తప్పు ఎక్కువగా ఈ రెండింట్లోనే దొరుకుతుంది.

బోటులో ఎప్పుడూ ఉండాల్సినవి: సరిపడా మందం తాడు ఒక మీటరు, కొక్కెం పుల్ల, నట్టుకు సరిపోయే రెండు పానాలు, స్టెయిన్‌లెస్ క్లిప్పులు నాలుగు, షాఫ్ట్ చుట్టూ గట్టిగా చుట్టి కట్టడానికి పాత ట్యూబు రబ్బరు పట్టీ, ఫ్లోట్ స్విచ్ ఉన్న బిల్జ్ పంపు. ఆ ఫ్లోట్‌ను పొద్దున మొదటి ట్రిప్పుకు ముందు చేత్తో ఎత్తి, పంపు మోగుతోందో లేదో వినండి. మోగకపోతే అది బాగయ్యేదాకా జనాన్ని ఎక్కించకండి.